వెంట వెళ్లినవాడి నేరం ఎంత?



పునీత స్తెఫానుగారిని రాళ్లతో కొట్టి చంపిన ఘట్టాన్ని అపొస్తలుల కార్యములు గ్రంథంలో మీరు చదివే ఉంటారు. ఏటా క్రిస్మసు మరునాటి పూజలో వింటూనే ఉంటాము. రాళ్లు విసరడానికి అడ్డు లేకుండా ఆ మనుషులు తమ పైవస్త్రాలు విప్పి ఒక యువకుని పాదాల దగ్గర పెట్టారు. అతని పేరు సౌలు. అతడు రాయి విసిరినట్లు ఎక్కడా లేదు. బట్టలకు కాపలా ఉన్నాడు, జరుగుతున్న దానికి సమ్మతించాడు, అంతే. చాలా ఏళ్ల తరువాత పౌలుగా యెరూషలేములో జనం ముందు నిలబడినప్పుడు, ఆనాడు నేనూ అక్కడే ఉన్నాను, నేనూ ఒప్పుకున్నాను, బట్టలు నేనే కాచాను అని దాచకుండా చెప్పుకున్నాడు.

ఆ సౌలును మన కాలపు కోర్టు బోను ఎక్కిస్తే ఏమనాలి? హంతకుడనాలా, హంతకులకు తోడున్నవాడనాలా, లేక అక్కడ ఉన్నాడంతే అని పంపివేయాలా?

ఇది బైబులు తరగతికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. నలుగురు కుర్రవాళ్లు కలిసి దొంగతనానికో కొట్లాటకో వెళతారు. ఒకడి చేతిలో ఆయుధం ఉంటుంది. ఒక ప్రాణం పోతుంది. మిగిలిన ముగ్గురి మాటేమిటి? “మావాడు చంపడానికి వెళ్లలేదయ్యా” అని ఒక తల్లి ఏడుస్తుంది. “వాళ్లంతా కలిసి రాకపోతే నా బిడ్డ బ్రతికి ఉండేవాడు” అని మరొక తల్లి ఏడుస్తుంది. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య లోకంలోని న్యాయస్థానాలు ఎలా నడిచాయో, ఎక్కడ తడబడ్డాయో ఈ వారం చూద్దాము. మన దేశపు చట్టం ఏమంటుందో కూడా చూద్దాము. ఎదిగిన పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది తెలియవలసిన విషయం.

ఇంగ్లండులో జరిగిన సంగతితో మొదలుపెడతాను. 1952 నవంబరు 2, ఆదివారం రాత్రి. లండనుకు దక్షిణాన ఉన్న క్రోయ్‌డన్‌లో ఇద్దరు కుర్రవాళ్లు ఒక మిఠాయి గిడ్డంగి గేటు దూకి కప్పు మీదికి ఎక్కారు. క్రిస్టఫర్ క్రెయిగ్ వయస్సు 16, డెరెక్ బెంట్లీ వయస్సు 19. వయస్సులో బెంట్లీ పెద్దవాడే గాని బుద్ధి ఎదగలేదు. చదవడం, వ్రాయడం రాదు, మూర్ఛ జబ్బు ఉంది. క్రెయిగ్ దగ్గర రివాల్వరు ఉంది. బెంట్లీ దగ్గర ఒక కత్తి, క్రెయిగే ఇచ్చిన ఇనుప పిడికట్టు ఉన్నాయి. ఎదురింటి చిన్నపిల్ల వారిని చూసి తల్లిదండ్రులకు చెప్పింది. పోలీసులు వచ్చారు.

ఫెయిర్‌ఫాక్స్ అనే డిటెక్టివు ముందుగా కప్పు ఎక్కి బెంట్లీని పట్టుకున్నాడు. బెంట్లీ ఒకసారి విదిలించుకున్నాడు. ఆ క్షణంలో అతడు, “లెట్ హిమ్ హావ్ ఇట్, క్రిస్” అని అరిచాడని పోలీసులు కోర్టులో చెప్పారు. అలాంటి మాటే పుట్టలేదని కుర్రవాళ్లిద్దరూ చెప్పారు. అన్నాడనే అనుకుందాము. దాని అర్థమేమిటి? తుపాకి అతనికి ఇచ్చెయ్యమనా? లేక అతణ్ణి కాల్చమనా? మన భాషలోనూ ‘ఇవ్వడం’ ఇలాంటి మాటే కదా. చేతిలో ఉన్నది ఇస్తాము, వీపు మీద రెండూ ‘ఇస్తాము’. ఒక ప్రాణం ఆ ఇంగ్లీషు క్రియాపదం మీద వేలాడింది.

క్రెయిగ్ కాల్చాడు. ఫెయిర్‌ఫాక్స్ భుజానికి గాయమైంది. అయినా ఆయన బెంట్లీని మళ్లీ పట్టుకున్నాడు. ఆ తరువాత బెంట్లీ ఎదురు తిరగలేదు, పారిపోలేదు. చాలాసేపటికి మరికొందరు పోలీసులు మెట్ల తలుపు బ్రద్దలుకొట్టి పైకి వచ్చారు. మొదట అడుగుపెట్టిన కానిస్టేబులు సిడ్నీ మైల్స్ తలకు తూటా తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. ఆయన వయస్సు 42. ఇంట్లో భార్య ఎదురుచూస్తోంది. మనం ఈ కథలో బెంట్లీ కోసం బాధపడేటప్పుడు ఈ కానిస్టేబులును మరచిపోకూడదు. మరచిపోతే మన జాలికి విలువ ఉండదు.

డిసెంబరు 9 నుంచి 11 వరకు, మూడు రోజుల్లో కోర్టు విచారణ ముగిసింది. ఇద్దరూ హత్యానేరస్థులేనని జ్యూరీ తేల్చింది, బెంట్లీ విషయంలో దయ చూపమని కోరింది. కాల్చిన క్రెయిగ్‌కు 18 ఏళ్లు నిండలేదు కనుక ఉరి లేదు. జైలులో పెట్టి 1963లో విడుదల చేశారు. కాల్చని బెంట్లీకి 18 దాటాయి. ఆనాటి చట్టంలో హత్యకు ఉరి ఒక్కటే శిక్ష. 200 మందికి పైగా పార్లమెంటు సభ్యులు క్షమాభిక్ష కోరారు. హోంమంత్రి నిరాకరించాడు. వ్రాయడం రాదు కాబట్టి బెంట్లీ తన చివరి ఉత్తరాన్ని చెప్పి వ్రాయించుకున్నాడు. 1953 జనవరి 28 ఉదయం వాండ్స్‌వర్త్ జైలులో అతణ్ణి ఉరితీశారు.

తూటా పేలినప్పుడు పోలీసుల అధీనంలో ఉన్నవాడు హంతకుడెలా అయ్యాడు? అరెస్టు కాకుండా ఉండడానికి బలం ఉపయోగిద్దామని ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, కాబట్టి ఒకడి తూటా ఇద్దరిదీ అన్నది ప్రభుత్వ వాదన. దానికి తోడు, పెద్ద నేరం చేస్తుండగా ప్రాణం పోతే, చంపే ఉద్దేశం లేకపోయినా దాన్ని హత్యగానే లెక్కగట్టే పాత సూత్రం ఆనాటి ఇంగ్లీషు చట్టంలో ఉంది. 1957లో దాన్ని రద్దుచేశారు. బెంట్లీ అక్క ఐరిస్ మాత్రం తమ్ముడి పేరు కడగడానికి జీవితమంతా తిరిగింది. 1993లో శిక్ష వరకు మాత్రమే క్షమాపణ దొరికింది, నేరం అలాగే ఉంది. 1997లో ఆమె చనిపోయింది. 1998 జూలై 30న అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆనాటి జడ్జి జ్యూరీకి చెప్పిన మాటలే బెంట్లీకి న్యాయమైన విచారణ అందకుండా చేశాయని తేల్చింది. నలభై అయిదు సంవత్సరాలు!

ఇంగ్లండు ఆ పాత సూత్రాన్ని వదిలింది గాని, అమెరికాలో చాలా రాష్ట్రాలు వదలలేదు. అక్కడ దాన్ని ‘ఫెలొనీ మర్డర్’ అంటారు. దాని క్రింద ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఏమి జరిగిందో చూడండి. 1999లో ఆర్కెన్సా రాష్ట్రంలో కుంట్రెల్ జాక్సన్ అనే బాలుడు మరి ఇద్దరితో కలిసి వీడియో క్యాసెట్ల దుకాణం దోచుకోవడానికి బయలుదేరాడు. ఒకడి కోటు చేతిలో తుపాకి ఉందని అతనికి దారిలో తెలిసింది. దుకాణం దాకా వెళ్లి మొదట బయటే ఆగిపోయాడు. కాసేపటికి లోపలికి వెళ్లాడు. అక్కడ అతడన్న మాట మీదే వివాదం. “మేమేమీ ఆటలాడటం లేదు” అని దుకాణంలో పనిచేసే ఆమెను బెదిరించాడని ప్రభుత్వం అంది. “మీరు ఆటకు చేస్తున్నారనుకున్నాను” అని తోటివారితో అన్నానని అతడు చెప్పాడు. ఆమెను ఇంకొకడు కాల్చి చంపాడు. డబ్బేమీ తీసుకోకుండానే అందరూ పరుగెత్తారు.

క్రోయ్‌డన్‌లో ఒక మాట, ఆర్కెన్సాలో ఒక మాట. భయంలో, తొందరలో కుర్రవాడి నోట వచ్చిన అరవాక్యానికి పెద్దలు తీరికగా కూర్చుని అర్థం చెప్పుకున్నారు. సామూహిక నేరాల్లో తరచు జరిగేది ఇదే. చేతితో చేసిన దానికి సాక్ష్యం దొరుకుతుంది. మనస్సులో ఉన్న దానికి సాక్ష్యం దొరకదు, అప్పుడు మాటలు ఏరుతారు.

జాక్సన్‌ను పెద్దవాడిగా లెక్కించి విచారించారు. చచ్చేదాకా జైలు, విడుదల ప్రసక్తి లేదు. ఆ చట్టంలో జడ్జికి వేరే శిక్ష వేసే వీలే లేదు. 2012 జూన్ 25న అమెరికా సుప్రీంకోర్టు ఈ కేసును, అలబామాకు చెందిన మిల్లర్ అనే మరో బాలుని కేసును కలిపి విని తీర్పు చెప్పింది. 18 ఏళ్లలోపు వారికి ఇలాంటి శిక్షను తప్పనిసరి చేయడం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. పిల్లల దుడుకుతనం, ముందు వెనుకలు చూడలేని వయస్సు, స్నేహితుల ఒత్తిడి, వారు తప్పించుకోలేని ఇంటి పరిస్థితి, ఇవన్నీ జడ్జి చూసి తీరాలన్నది. మరుసటి ఏడాది ఆర్కెన్సా సుప్రీంకోర్టు జాక్సన్‌కు మళ్లీ శిక్ష నిర్ణయించమని పంపింది. ఈసారి జడ్జి ముందు పదేళ్ల నుంచి నలభై ఏళ్ల వరకు, లేదా యావజ్జీవం అనే ఎంపిక ఉంది.

ఆ సూత్రాన్ని చివరిదాకా లాగితే ఎక్కడ తేలుతుందో చెప్పడానికి ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణం చాలు. 2012 అక్టోబరులో అయిదుగురు కుర్రవాళ్లు ఎవరూ లేరనుకున్న ఇంట్లో దొంగతనానికి దిగారు. ఎవరి దగ్గరా తుపాకి లేదు. ఇంటి యజమాని పైన నిద్రపోతున్నాడు. లేచి తన తుపాకితో కాల్చాడు. దొంగల్లోనే ఒకడు, 21 ఏళ్లవాడు, చనిపోయాడు. కాల్చింది యజమాని, పోయింది వారి స్నేహితుడు. హత్యానేరం మాత్రం మిగిలిన కుర్రవాళ్ల మీద పడింది! విచారణకు నిలిచిన ముగ్గురికి 50 నుంచి 55 ఏళ్ల శిక్షలు. అందులో ఒకడు పదిహేడేళ్లవాడు, ఇంట్లో అడుగే పెట్టలేదు. బయట కాపలా ఉన్నాడు. 2015లో ఇండియానా సుప్రీంకోర్టు ఆ హత్యానేరాలను కొట్టివేసి, దొంగతనానికి ఇంట్లో చొరబడిన నేరం మాత్రమే నిలబెట్టింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2018లో చట్టాన్నే మార్చింది. తాను చంపనివాడు, చంపే ఉద్దేశంతో సాయపడనివాడు, నేరంలో ముఖ్యపాత్ర వహిస్తూ ప్రాణాలను లక్ష్యపెట్టనివాడు కాకపోతే, సాధారణంగా అతణ్ణి హంతకుడనడానికి వీలు లేదన్నది.

ఇంగ్లండు కూడా పూర్తిగా బయటపడలేదు. తోటివాడు చంపవచ్చునని ఊహించి కూడా కలిసి వెళ్లాడంటే అతనూ హంతకుడే అన్న సూత్రం 1984 నుంచి అక్కడి కోర్టుల్లో నడిచింది. దాని క్రింద ఎంతో మంది యువకులు జైలుకు వెళ్లారు. 2016లో జోగీ అనే వ్యక్తి కేసులో అక్కడి సుప్రీంకోర్టు, చట్టం ముప్ఫై ఏళ్ల పైచిలుకు తప్పుదారి పట్టిందని ఒప్పుకుంది. ముందే ఊహించడం ఉద్దేశానికి ఒక సాక్ష్యం మాత్రమే, అదే ఉద్దేశం కాదు అన్నది. అలాగని జోగీ ఇంటికి వెళ్లిపోలేదు. మళ్లీ విచారణ జరిగింది. హత్య కాదు గాని ప్రాణం పోవడానికి కారకుడయ్యాడన్న తక్కువ నేరం రుజువై శిక్ష పడింది. నాకు ఈ కేసు ఇందుకే నచ్చుతుంది. హంతకుడు కాదు అన్నంత మాత్రాన నిర్దోషి అయిపోడు. ఈ రెంటి మధ్య చాలా చోటుంది. చట్టం ఆ చోటును వెతకాలి.

మన సత్యోపదేశంలో నేర్చుకున్నది ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ఇతరుల పాపంలో మనకు భాగం ఎలా వస్తుంది? స్వయంగా కలిసి చేస్తే, ఆజ్ఞాపిస్తే, సలహా ఇస్తే, మెచ్చుకుంటే, ఆపవలసిన బాధ్యత ఉండి ఆపకపోతే, చేసినవారిని దాచిపెడితే. కనుక “నేను చేయలేదు” అనే మాట ఒక్కటే సరిపోదు. కాని అదే సత్యోపదేశం చావైన పాపానికి మూడు షరతులు చెబుతుంది. విషయం ఘోరమైనదై ఉండాలి, అది ఘోరమని పూర్తిగా తెలిసి ఉండాలి, పూర్ణ మనస్సుతో సమ్మతించి ఉండాలి. ఎవరి లెక్క వారిదే. గుంపు మొత్తానికి కలిపి ఒకే లెక్క వేసే పద్ధతి మన తిరుసభ బోధలో లేదు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి విడుదలే లేని శిక్ష వేయడం నా దృష్టిలో ఈ లెక్కకు నిలవదు. యావజ్జీవ జైలు శిక్ష దాగి ఉన్న మరణశిక్షేనని దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2014లో న్యాయశాస్త్రవేత్తలతో చెప్పారు కూడా.

మరి మన దేశం? ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మన శిక్షాస్మృతి ముసాయిదాను 1837లో మెకాలే నాయకత్వాన తయారుచేశారు. చిన్న నేరం చేస్తుండగా అనుకోకుండా ప్రాణం పోతే హత్యగా శిక్షించే ఇంగ్లీషు పద్ధతి ఇక్కడ వద్దని ఆ ముసాయిదా వివరణల్లోనే వాదించారు. ఆయన చెప్పిన ఉదాహరణ జేబుదొంగలది. వందమంది జేబులు కొడుతున్నారు. ఒకడి దురదృష్టం కొద్దీ ఆ పెద్దమనిషి జేబులో గుండ్లు నింపిన పిస్తోలు ఉంది. చేయి తగిలి అది పేలింది, మనిషి చనిపోయాడు. అందరి ఉద్దేశమూ ఒక్కటే, అందరి అజాగ్రత్తా ఒక్కటే. తొంభై తొమ్మిది మందిని దొంగలుగా జైలుకు పంపి, ఈ ఒక్కణ్ణి ఉరితీయడం ఏమి వివేకమని ఆయన ప్రశ్న. కాబట్టి అమెరికా తరహా సూత్రం మన చట్టంలోకి రాలేదు.

అయితే మనవాళ్లు నిశ్చింతగా ఉండవచ్చునని కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 34వ సెక్షన్ ఉంది. అందరి ఉమ్మడి ఉద్దేశంతో ఒక నేరం జరిగితే, ప్రతివాడూ తానొక్కడే చేసినట్లే. 149వ సెక్షన్ ఇంకా గట్టిది. అయిదుగురు లేక అంతకంటే ఎక్కువమంది చట్టవిరుద్ధంగా గుమిగూడినప్పుడు, జరగవచ్చునని తెలిసిన నేరం ఒకడు చేసినా అందరూ బాధ్యులే. అయిదుగురు కలిసి దోపిడీ చేస్తూ ఒకడు హత్య చేస్తే 396వ సెక్షన్ ప్రకారం అందరికీ మరణశిక్ష వరకు పడవచ్చు. రాత్రిపూట ఇంటికి కన్నం వేస్తుండగా ఒకడు కావాలని ప్రాణం తీస్తే, కలిసి వెళ్లినవారందరికీ యావజ్జీవం వరకు శిక్ష ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ సెక్షన్ల అంకెలు మారాయి గాని సారం మారలేదు. పైగా కులం, వ్యక్తిగత విశ్వాసం, భాష వంటి కారణాలతో అయిదుగురు లేక ఎక్కువమంది గుంపుగా కూడి మనిషిని చంపితే ప్రతి ఒక్కరికీ యావజ్జీవం లేదా మరణశిక్ష అని కొత్తగా చేర్చారు. సెల్‌ఫోనులో వీడియో తీస్తూ నిలబడే కుర్రవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

బయట నిలబడితే చాలు తప్పించుకోవచ్చు అనే నమ్మకం మన పిల్లల్లో బలంగా ఉంది. 1923లో కలకత్తాలోని శంకరిటోలా పోస్టాఫీసులో డబ్బు లెక్కపెట్టుకుంటున్న సబ్ పోస్టుమాస్టరును దోపిడీకి వచ్చినవారు కాల్చి చంపారు. పట్టుబడిన బరేంద్ర కుమార్ ఘోష్, తాను భయపడుతూ వాకిట్లో నిలబడ్డానే గాని కాల్చలేదన్నాడు. ప్రీవీ కౌన్సిలు ఆ వాదన ఒప్పుకోలేదు. పనిలో భాగంగా నిలబడి కనిపెట్టుకొని ఉండడం కూడా పని చేయడమే అన్నది. నూరేళ్లయినా మన కోర్టులు ఆ తీర్పును ఉదహరిస్తూనే ఉన్నాయి. ఇంజను ఆపకుండా మోటారు సైకిలు మీద సందు మొదట్లో ఎదురుచూసే కుర్రవాడు బయట ఉన్నట్లు కాదు, లోపల ఉన్నట్లే. అతడు అన్నీ తెలిసి ఒప్పుకొని వచ్చాడా, లేక స్నేహితుడు రమ్మంటే వచ్చాడా అన్నదే కోర్టు తేల్చవలసింది. కత్తి కనబడగానే ఏమి చేశాడు? వెళ్లిపోయాడా, వద్దన్నాడా, తరువాత వాటా తీసుకున్నాడా? ఈ ప్రశ్నలను కోర్టు అడిగేదాకా ఆగకుండా, తల్లిదండ్రులు భోజనాల దగ్గర ముందే అడగవచ్చు. తిట్టవలసిన పని లేదు, క్రోయ్‌డన్ కథ చెబితే చాలు.

ఇక పద్దెనిమిది నిండని పిల్లల సంగతి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరంలో ఒకడికి పద్దెనిమిది నిండడానికి కొన్ని నెలలే తక్కువ. అతనికి మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచే శిక్ష మాత్రమే పడింది. దేశమంతా మండిపడింది. 2015లో బాలల న్యాయ చట్టం మారింది. ఏడేళ్లు లేక అంతకు మించిన కనీస శిక్ష ఉన్న ఘోరనేరాల్లో 16 నుంచి 18 ఏళ్లవారిని పెద్దవారిగా విచారించవచ్చు. కాని ముందుగా బాలల న్యాయ మండలి ఆ పిల్లవాడి శారీరక, మానసిక సామర్థ్యాన్ని, ఫలితం గ్రహించే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను పరిశీలించాలి. మండలిలో మనస్తత్వశాస్త్రం తెలిసినవారు లేకపోతే అలాంటివారి సాయం తీసుకొని తీరాలని 2022లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఏ పిల్లవాడికీ మరణశిక్ష గాని, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం గాని వేయకూడదు. జాక్సన్‌కు పడిన శిక్ష మన దేశంలో పడదు.

ఈ రక్షణ అంతా ఒక కాగితం మీద ఆధారపడి ఉంది. వయస్సు ఎలా నిర్ణయిస్తారో 94వ సెక్షన్ చెబుతుంది. ముందు పాఠశాల ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్టు చూస్తారు. అవి లేకపోతే మున్సిపాలిటీ లేక పంచాయతీ ఇచ్చిన జనన ధృవపత్రం. అదీ లేకపోతే ఎముకల పరీక్ష. మన విచారణల్లో జ్ఞానస్నాన రిజిస్టరు మీద భరోసా పెట్టుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి, అది ఈ వరుసలో లేదు. బడిలో చేర్చేటప్పుడు తోచిన తేదీ వేయించిన ఇళ్లూ ఉన్నాయి. ఆ తేదీయే రేపు కోర్టులో చెల్లుతుంది. పిల్లవాణ్ణి పోలీసులు తీసుకువెళితే లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందు హాజరు పరచాలి. మొదటి రోజే వయస్సు పత్రం పట్టుకొని వెళ్లండి. ఆ రోజు వీలు కాకపోయినా, వయస్సు తక్కువన్న మాటను ఏ దశలోనైనా, తీర్పు వచ్చిన తరువాత కూడా, ఏ కోర్టు ముందైనా చెప్పుకొనే హక్కును చట్టం ఇచ్చింది.